పొయ్యక్క జవాబులు: మసి గొట్టంలో, తప్పు కట్టెలో

కార్తీకం వానలు కాస్త తెరిపి ఇచ్చాయో లేదో, పొగగొట్టాల ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి మరీ ఎక్కువ. మనవైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కట్టెలు నానేదీ అప్పుడే, చలికి పొయ్యి ఎక్కువసేపు మండేదీ అప్పుడే. కొత్తగా చదివేవాళ్ళకోసం ఒక మాట. నేను ఇంజనీరును కాను. 1983లో కేంద్రం మొదలుపెట్టిన పొగలేని పొయ్యిల పథకం మన జిల్లాకు వచ్చినప్పుడు చిత్తూరులో పని నేర్చుకున్నదాన్ని. అప్పటినుంచీ పొయ్యిలు కట్టడం, గొట్టాలు దులపడమే నా బతుకుదెరువు. పెద్ద ఉత్తరాలను కుదించాను. రాసినవాళ్ళ పేర్లు వేయలేదు.

అక్కా, మాది చంద్రగిరి దగ్గర పల్లె. గ్యాసున్నా స్నానాల నీళ్ళకీ, సంగటికీ కట్టెల పొయ్యే. రెండు గిన్నెలు పట్టే పొగలేని పొయ్యి, నాలుగంగుళాల ఇనుప గొట్టం మిద్దె పైకి పోతుంది. పోయిన ఏడాది దాకా బాగానే ఉండేది. ఈ ఏడు పొగంతా వంటింట్లోకే తిరుగుతోంది. గొట్టంలో కాస్త కిరసనాయిలు పోసి అంటిస్తే మసంతా కాలిపోతుందని మా ఆయన అంటాడు. చేయనిమ్మంటావా?

వద్దు తల్లీ. ముందు ఆ కిరసనాయిలు సీసా ఆయనకు కనబడకుండా దాచేయ్. మసి కాలిపోతుందన్న మాట నిజమే. దాంతోపాటు ఇంకేం కాలుతుందో చెప్పడం ఆయన మరిచిపోయాడు. గొట్టం లోపల మసి అంటుకుంటే వేడి వెయ్యి డిగ్రీలు దాటగలదు. రేకు ఎర్రబడుతుంది, అతుకులు విడిపోతాయి, పక్కన వాసమో తలుపు చట్రమో ఉంటే దానికి పాకుతుంది. దులిపితే పోయేదాన్ని అంటించి పోగొట్టుకోవడం ఎందుకు?

అసలు ఆ మసి ఎందుకు పడుతుందో చెబుతాను, మిగతాదంతా దాన్నిబట్టే అర్థమవుతుంది. కట్టె పూర్తిగా మండకపోతే దాంట్లోని నూనెలు, జిగురు, తడి ఆవిరై పొగతో పైకి పోతాయి. గొట్టం గోడ సుమారు 120 డిగ్రీలకంటే చల్లగా ఉన్నచోట ఆ ఆవిరి అంటుకుంటుంది, సంగటి కుండ మూత లోపల చెమ్మ పట్టినట్టు. మొదట పొడి మసి, చీపురు తగిలితే రాలిపోతుంది. పట్టించుకోకపోతే కరకరలాడే నల్ల పెచ్చులు. ఇంకా వదిలేస్తే తారు పూసినట్టు నున్నగా, మెరుస్తూ గడ్డకడుతుంది. ఆ మూడోది బ్రష్షుకు లొంగదు. అంటుకుంటే అన్నిటికంటే ప్రమాదం అదే.

ఇక నీ పొయ్యి సంగతి. పోయిన ఏడాది లేనిది ఈ ఏడు వచ్చిందంటే దులిపేముందు మూడు విషయాలు చూడు. వంటింట్లో ఈమధ్య ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారా? కిటికీలు మూసి అది తిప్పితే గది గాలంతా బయటికి లాగేస్తుంది, ఆ లోటు భర్తీ చేయడానికి గొట్టంలోంచి పొగ వెనక్కి దిగుతుంది. పొయ్యి వెలిగించినప్పుడు ఫ్యాన్ ఆపి, ఒక కిటికీ ఓరగా తెరిచి చూడు. రెండోది, పక్కింటివాళ్ళు కొత్తగా పైఅంతస్తు లేపారా? తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు ఇదే ఎక్కువ. మిద్దె తాకేచోటు నుంచి గొట్టం కనీసం మూడడుగులు లేవాలి, పదడుగుల లోపు ఏ గోడ, ఏ నీళ్ళ ట్యాంకు ఉన్నా దానికంటే రెండడుగులు ఎత్తుండాలి. లేకపోతే గాలి ఆ గోడకు కొట్టుకుని నీ గొట్టంలోకే దిగుతుంది. అలాంటప్పుడు ఎన్నిసార్లు దులిపినా లాభం లేదు, ఇంకో ముక్క వేయించి ఎత్తు పెంచాల్సిందే. మూడోది, రెండు గుంతల మధ్య సొరంగం. మొదటి గుంత నుంచి రెండో గుంతకు, అక్కడినుంచి గొట్టానికి పొగ పోయే దారిలో బూడిద, మసి కలిసి పేరుకుంటాయి. చాలా ఇళ్ళలో నేను గొట్టం జోలికే పోను. ఒక పాత గరిటెతో ఆ సొరంగం గోకేసి వస్తాను, పొయ్యి మామూలుగా మండుతుంది. వారానికోసారి ఆ పని నువ్వే చేసుకోవచ్చు.

ఈ మూడూ కాదంటే గొట్టం దులపాలి. ముందురోజు పొద్దున్నే పొయ్యి ఆర్పేయండి, ఇరవైనాలుగు గంటలు చల్లారనివ్వండి. బూడిదంతా ఎత్తేసి, పొయ్యి నోటికీ రెండో గుంతకీ తడి గోనెపట్టా కప్పి అంచుల్లో కాస్త మట్టి మెత్తండి. లేకపోతే ఇల్లంతా నల్లబడుతుంది, మూడు రోజులు అన్నంలో కూడా మసే. వంటింట్లో గిన్నెలు, నీళ్ళ బిందెలు బయట పెట్టేయండి. పైకెక్కేవాళ్ళు నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ముక్కుకు తువ్వాలు చాలదు, ఎన్‌-95 మాస్కు పెట్టుకోవాలి.

బ్రష్షు గొట్టం లోపలి కొలతకు సరిపోవాలి. నాలుగంగుళాల గొట్టానికి నాలుగంగుళాల గుండ్రటి బ్రష్షు. చిన్నదైతే మధ్యలోంచి జారిపోయి ఏమీ దులపదు. ఇటుక గొట్టానికైతే ఇనుప తీగల బ్రష్షు, స్టీలు గొట్టానికైతే గట్టి నైలాను బ్రష్షు. ఇనుప తీగ స్టీలు మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లోంచే తుప్పు మొదలవుతుంది. మిద్దె మీదనుంచి దులపాలంటే బ్రష్షుకు పైన తాడు, కింద ఒక బరువు కట్టి, దింపుతూ లాగుతూ పోవడం తేలిక. గొలుసు వేసి ఆడించొద్దు, రేకు చిల్లులు పడుతుంది. కంపమండ కట్టి లాగేవాళ్ళూ ఉన్నారు. ఆ మండ మధ్యలో ఇరుక్కుంటే దాన్ని తీయడానికి మళ్ళీ నన్నే పిలుస్తారు.

గొట్టం పక్కన కరెంటు తీగలు పోతున్నాయేమో చూడకుండా పొడవాటి ఇనుప కడ్డీ ఎత్తొద్దని మీ ఆయనకు గట్టిగా చెప్పు. దులిపిన తర్వాత కింద పొయ్యి వైపు నుంచి చిన్న అద్దం, ఫోను టార్చి పెట్టి పైకి చూడండి, ఆకాశం గుండ్రంగా కనబడాలి. చివరగా పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి పట్టుకో. పొగ లోపలికి లాగితే పని అయినట్టే. బయటికే వస్తుంటే ఎక్కడో ఇంకా అడ్డముంది, కట్టె వెలిగించొద్దు.

మండే పొయ్యిలో పిడికెడు ఉప్పు వేస్తే గొట్టంలో మసి రాలిపోతుందని మా అత్త అంటుంది. నిజమేనా?

మీ అత్త ఒక్కరే కాదు, చాలామంది అంటారు. దాన్ని నమ్ముకుని దులపడం మానేయొద్దు. పైగా ఉప్పు మంటలో పడితే వచ్చే ఆవిరి ఇనుముకు శత్రువు, గొట్టం త్వరగా తుప్పు పడుతుంది. ఉప్పు పులుసులోకి వాడుకోండి.

మేడమ్, తిరుపతి బస్టాండు దగ్గర నాటుకోడి, సంగటి హోటలు మాది. కట్టెల మీదే వంట, దానికోసమే జనం వస్తారు. పొయ్యి నుంచి గొట్టం గోడ వెంబడి అడ్డంగా పన్నెండడుగులు పోయి తర్వాత పైకి లేస్తుంది. ఆ అడ్డ గొట్టం అతుకుల్లోంచి నల్లటి నీళ్ళు కారి గోడంతా పాడయింది. వాసన భరించలేం. సిలికాన్ పూయించాను, వారానికే మళ్ళీ మొదలు.

సార్, కారేది నీళ్ళు కాదు, పొగలోని తారు తడితో కలిసి దిగుతోంది. ఎంత సిలికాన్ పూసినా అది దారి వెతుక్కుంటుంది, మామూలు సిలికాన్ ఆ వేడికి నిలవదు కూడా.

మీ దగ్గర మూడు తప్పులు కలిశాయి. ఒకటి ఆ పన్నెండడుగుల అడ్డ పోకడ. పొగ వేడిగా ఉన్నంతసేపే పైకి లేస్తుంది. అడ్డంగా పాకుతూ చల్లారిపోతే మోసుకొచ్చిందంతా అక్కడే వదిలేస్తుంది. వీలైతే పొయ్యి మీదనుంచే నిలువుగా లేపండి. షాపు పైన ఇంకో షాపుండి వీలుకాదంటే, అడ్డభాగం ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించి, మీటరుకు కనీసం రెండు సెంటీమీటర్ల చొప్పున పైకి వాలు ఇవ్వండి. తొంభై డిగ్రీల మలుపులు రెండుకు మించకూడదు. మలుపు దగ్గర కింద తలుపున్న T ఆకారపు గొట్టం ముక్క పెట్టిస్తే మసి అక్కడ పడుతుంది, అక్కడే తీసేయొచ్చు.

రెండోది అతుకులు. మీ వెల్డరు కింది గొట్టాన్ని పై గొట్టంలో దూర్చి ఉంటాడు, వాన నీరు లోపలికి రాకూడదన్న లెక్క. బయట వాన గొట్టాలకు అది సరి. పొయ్యి గొట్టానికి తిరగేయాలి: పై ముక్క కింది ముక్కలో దిగాలి. అప్పుడు తారు దిగినా గొట్టం లోపలే దిగి పొయ్యిలో పడి కాలిపోతుంది, గోడ మీదకు రాదు. పొయ్యి దగ్గరి ముక్కలకు జింకు పూత రేకు వద్దు, ఆ వేడికి పూత నిలవదు. కాస్త ఖర్చయినా స్టెయిన్‌లెస్ స్టీలో, మందమైన నల్ల ఇనుపరేకో వేయించండి. పక్కన ప్లైవుడ్ పార్టిషను గానీ, కప్పుకింద ఫాల్స్ సీలింగ్ గానీ ఉంటే ఒంటి పొర గొట్టానికి కనీసం పద్దెనిమిది అంగుళాల దూరం ఉండాలి. ఇది మాత్రం బేరమాడొద్దు.

మూడోది నేను అడగకుండానే చెప్పగలను, మీ కట్టెలు పచ్చివి. హోటళ్ళకు లారీలో వచ్చేవి ఎక్కువగా నరికిన నెలకే వచ్చే తుమ్మ, మామిడి. మన చుట్టూ మామిడితోటలు ఎక్కువ కాబట్టి కొట్టేసిన పాతచెట్ల మొద్దులు చవగ్గా దొరుకుతాయి. చవకే, పొయ్యిలో పెడితే చివర్లనుంచి నురగ వచ్చి సుయ్యిమంటుంది చూశారా, మీరు డబ్బిచ్చి కొన్న నీళ్ళు అవి. కట్టెల వ్యాపారి లోడు దింపేటప్పుడు రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టండి. ఆరిన కట్టె ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. చివర్లలో పగుళ్ళు తేలి ఉండాలి. తేమ మీటరు కొనుక్కుంటే ఇంకా మంచిది. కట్టెను అప్పటికప్పుడు చీల్చి ఆ కొత్త ముఖం మీద పెట్టి చూడాలి, ఇరవై శాతం లోపుంటే తీసుకోండి. బెరడు మీద పెడితే పైన ఎండినట్టే చూపిస్తుంది, వ్యాపారికి అదే కావాలి.

ఇంకొకటి. మీ దగ్గర పొగ ఒక్కటే కాదు, తాలింపు నూనె ఆవిరి కూడా ఉంటుంది. నూనె ఆవిరి లాగే హుడ్డు వేరు, కట్టెల గొట్టం వేరు. రెండూ ఒకే గొట్టానికి కలిపితే అది వత్తి లేకుండానే అంటుకునే దీపమే. ఎవరైనా ఖర్చు తగ్గుతుందని సలహా ఇస్తే వినకండి. పొద్దున్నుంచి రాత్రి దాకా మండే పొయ్యి కాబట్టి నెలకోసారి తలుపు తెరిచి చూసుకోండి, మసి మూడు మిల్లీమీటర్ల మందం చేరితే దులిపించండి.

అమ్మా, హార్స్‌లీ హిల్స్ మీద ఒక గెస్ట్‌హౌసు చూసుకుంటాను. హాల్లో పోత ఇనుము పొయ్యి ఉంది, ముందు గాజుతలుపు. చలికాలంలోనే వాడతాం. రాత్రి గెస్టులు పడుకునేముందు పెద్ద మొద్దు పెట్టి గాలి రంధ్రం పూర్తిగా మూసేస్తాను, తెల్లవార్లూ నిదానంగా కాలుతుంది. పొద్దున గాజంతా నల్లగా ఉంటుంది. ఏ పొడితో తుడవాలి?

బాబూ, గాజు తుడిచే పొడి తర్వాత చూద్దాం. రాత్రి నువ్వు ఏం చేస్తున్నావో గాజే నీకు చూపిస్తోంది. గాలి మూసేసి పొగబెట్టిన పొయ్యిలో మంట ఉండదు, వేడి ఉండదు, పొగ మాత్రం తెల్లవార్లూ పోతూనే ఉంటుంది. కొండ మీద నాలుగు వేల అడుగుల ఎత్తున బయట చలి, గొట్టం చల్లగా ఉంటుంది. గాజు మీద పట్టింది నువ్వు చూస్తున్నావు, గొట్టం లోపల దానికి ఎన్నో రెట్లు పట్టింది. ఏదో ఒకరోజు గెస్టులకోసం ఎండు పుల్లలు దండిగా వేసి పెద్ద మంట పెడతావు చూడు, రాత్రుళ్ళు కూడబెట్టిన తారంతా ఆరోజు అంటుకుంటుంది.

ఇంకో సంగతి భయపెట్టడానికి కాదు, తెలియాలని చెబుతున్నాను. గాలి చాలని మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, అంతలో నిద్ర. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ తలనొప్పి కూడా తెలియదు. గొట్టం సగం మూసుకుపోయి, హాలు కిటికీలన్నీ బిగించి, గాలి రంధ్రం మూసేసిన పొయ్యి పక్కన గెస్టులను పడుకోనివ్వొద్దు. ఆ వాయువును పసిగట్టి మోగే అలారం ఆన్‌లైనులో దొరుకుతుంది, యజమానికి చెప్పి హాల్లోనూ పడకగదిలోనూ పెట్టించు. గదిలోకి బొగ్గుల కుంపటి అడిగే గెస్టులుంటారు. ఎంత పెద్దమనిషి అడిగినా కుదరదని చెప్పు, దుప్పటి ఇంకోటి ఇవ్వు.

రాత్రికి చేయాల్సింది ఇది: చిన్న చిన్న ఎండు ముక్కలు, తగినంత గాలి, బాగా వెలుగుతున్న మంట. కట్టె వేసిన మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు గాలి పూర్తిగా వదిలేయ్, తర్వాత కొంచెం తగ్గించు, మంట కనబడుతూనే ఉండాలి. బయటికి వెళ్ళి గొట్టం పైకి చూడు. దట్టంగా పొగ పోతుంటే గాలి చాల్లేదని లెక్క. పడుకునేవేళకు నిప్పులు తగ్గిపోతాయంటావా, తగ్గనివ్వు.

అక్కడ నీలగిరి చెట్లే ఎక్కువ కదా, ఆ కట్టెలో నూనె వల్ల మసి వస్తుందని కొందరు రాశారు. చెట్టు పేరుకంటే దాంట్లో తడి ఎంతుందన్నదే ముఖ్యం. చీల్చి, గాలి తగిలేలా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పి ఒక వేసవి దాటించిన నీలగిరి బాగానే మండుతుంది. నాలుగు వైపులా టార్పాలిన్ చుట్టేస్తే లోపల చెమ్మ అలాగే ఉండిపోతుంది. మీ కొండ మీద మంచుకి అయితే ఇంకానూ.

తొమ్మిది నెలలు ఖాళీగా ఉన్న గొట్టంలో ఉడుతో గోరింకో గూడు పెట్టి ఉంటుంది. సీజనులో మొదటిసారి వెలిగించేముందు దులిపించి, పైన మూతకు అరంగుళం కళ్ళ జాలీ వేయించు. ఇంకా చిన్న కళ్ళ జాలీ వేస్తే మసికే మూసుకుపోతుంది. పొయ్యి గాజుతలుపు అంచు చుట్టూ ఉన్న తాడు బిగువుందో లేదో చూడటానికి పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగు. సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట తాడు మార్చాలి. అక్కడినుంచి గాలి దొంగతనంగా లోపలికి పోతుంటే మంట నీ అదుపులో ఉండదు.

అన్నట్టు, గాజు. తడి కాగితాన్ని మెత్తటి బూడిదలో అద్ది, చల్లారిన గాజు మీద రుద్దు. పొడులేవీ కొనక్కర్లేదు.

మా ఇల్లు పుత్తూరు దగ్గర. అమ్మ కాలంలో సర్కారువాళ్ళు కట్టించిన పొయ్యి, సిమెంటు గొట్టం. ఇనుప బ్రష్షుతో గీకి శుభ్రం చేద్దామనుకుంటున్నాం. పైభాగం పగిలింది, కోసేసి చిన్నది చేయొచ్చా?

గీకొద్దు, కోయొద్దు. ఆ రోజుల్లో పథకం కింద వేసినవి ఎక్కువగా ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు గొట్టాలే, నేనూ ఎన్నో బిగించాను. కదిలించకుండా ఉంచితే ఫరవాలేదు గానీ, పొడిగా గీకినా రంపంతో కోసినా కంటికి కనబడని నారపోగులు గాల్లో లేస్తాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత క్యాన్సరుగా తేలతాయి. పైగా అలాంటి గొట్టంలో మసి అంటుకుంటే సిమెంటు పేలి ముక్కలు ఎగురుతాయి. పగిలిందంటున్నారు కాబట్టి దాని ఆయుష్షు అయిపోయింది. నీళ్ళు చల్లి బాగా తడిపి, పగలగొట్టకుండా గొట్టాన్ని గొట్టంగానే దింపించండి. మందం పాలిథిన్‌లో చుట్టి పక్కన పెట్టి, పంచాయతీనో మున్సిపాలిటీనో అడిగి వాళ్ళు చెప్పినచోట వేయండి. పొలంగట్టు మీద పారేయొద్దు, పిల్లలు దాంతో ఆడుకుంటారు. కొత్తగా స్టీలుది వేసుకోండి.

ఇల్లు సిమెంటు రేకులదైతే ఇంకో మాట. రేకు మీద కాలు పెట్టొద్దు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, మనిషి బరువుకు చెప్పకుండా విరుగుతుంది. దూలాల మీద అడ్డంగా పలక వేసుకుని దాని మీద నడవాలి, లేదంటే నిచ్చెన వేసుకుని పక్కనుంచే పని కానివ్వాలి.

పలమనేరు నుంచి. పొయ్యి బూడిద రోజూ సాయంత్రం ప్లాస్టిక్ బకెట్లో ఎత్తి వసారాలో పెడతాం, పొద్దున గిన్నెలకు వాడతాం. మొన్న బకెట్ అడుగు కరిగిపోయింది. చల్లారిన బూడిదే అది!

నివురు గప్పిన నిప్పు అని మన పెద్దలు ఊరికే అన్నారా! పైన చెయ్యిపెడితే చల్లగానే ఉంటుంది, లోపల కణిక రెండు మూడు రోజులైనా బతికుంటుంది. మూతున్న ఇనుప డబ్బా పెట్టుకోండి. దాన్ని వసారాలో గోడవారన కాదు, వాకిట్లో మట్టినేల మీద పెట్టండి. కింద గడ్డి, పక్కన కట్టెల మోపు ఉండకూడదు. నాలుగోరోజు జల్లెడ పట్టి గిన్నెలకు వాడుకోండి.

చిత్తూరు పక్కన బెల్లం గానుగ ఉంది మాకు. పిప్పే ఇంధనం. పోయిన సీజనులో ఒకరాత్రి పొగగొట్టం లోపల రైలు పోతున్నట్టు శబ్దం వచ్చి, పైనుంచి మంట లేచింది. పనివాడు మిద్దెక్కి రెండు బిందెల నీళ్ళు పోశాడు, ఆరిపోయింది. ఇప్పుడు ఇటుకలో సన్నటి నెర్రెలు కనబడుతున్నాయి. ఈ ఏడు వాడొచ్చా?

రిపేరు చేయించకుండా వాడొద్దు అన్నా. ఆ రైలు శబ్దమే గొట్టం అంటుకున్నదానికి గుర్తు. ఎర్రగా కాలిన ఇటుక మీద చన్నీళ్ళు పడితే పగలక ఏమవుతుంది? మీ పనివాడి ఆయుష్షు గట్టిది. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకు ఎగతన్ని ఉంటే మనిషి పైనుంచి పడేవాడు.

ఇకమీదట అలా అయితే ముందు అందరినీ పక్కకు పంపి 101కి ఫోను చేయండి, దొరక్కపోతే 112. పిప్పి వేసే నోటికి ఇనుపరేకు అడ్డంపెట్టి చుట్టూ తడిమట్టి మెత్తండి. గాలి అందకపోతే మంట తనంతట తాను తగ్గుతుంది. నీళ్ళు పోయాల్సింది గొట్టంలో కాదు, చుట్టూ ఉన్న పిప్పి కుప్పల మీద, పాక కప్పు మీద. రవ్వలు పడేది అక్కడే. ఆరినట్టు కనబడ్డా ఆ రాత్రికి కాపలా ఉండాలి, తిరిగి రాజుకుంటుంది.

నెర్రెలు ఎక్కడెక్కడున్నాయో తెలియాలంటే పొగ పరీక్ష చేయండి. పొయ్యిలో చిన్న మంట మీద పచ్చాకు వేసి పొగ లేపి, గొట్టం పైన తడి గోతం ఒక్క నిమిషం కప్పి తీసేయాలి. పొగ ఇటుక సందుల్లోంచి ఎక్కడ చిమ్మితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టమనండి. ఈ పని పొద్దున వెలుతురులో చేయాలి, కింద ఇద్దరు ఉండాలి. గుర్తులు ఒకటి రెండు అయితే బేల్దారి మంటకు తట్టుకునే మట్టితో పూడుస్తాడు. చుట్టూ కనబడితే ఆ వరస దాకా దింపి కట్టాల్సిందే. పిప్పి కుప్పను గాలివాటు చూసి గొట్టానికి ఎదురుగాలి వైపుకు మార్చండి. పైన జాలీ లేకపోతే పెట్టించండి. ఆరని పిప్పి వేయకండి. పాకం తొందర మీదున్నప్పుడు అదే వేస్తారని నాకు తెలుసు, గొట్టం అంటుకున్నదీ దానివల్లే.

తిరుపతిలో పొగగొట్టాలు దులిపేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఎంతడుగుతారు? మా వీధిలో ఒక కుర్రాడు, పదమూడేళ్ళవాడు, సన్నగా ఉంటాడు, నేను చేస్తానంటున్నాడు.

ఆ కుర్రాణ్ణి బడికి పంపండి. సన్నగా ఉన్నాడు కాబట్టి గొట్టంలో పంపొచ్చు అన్న ఆలోచన ఒకప్పుడు ఇంగ్లండులో ఉండేది. అక్కడ పిల్లల్ని గొట్టాల్లోకి ఎక్కించి మసి గీకించేవారు. పెద్దయ్యాక వాళ్ళకు వృషణాల సంచికి పుండు లేచి చనిపోతున్నారని, దానికి ఆ మసే కారణమని పెర్సివాల్ పాట్ అనే లండను డాక్టరు 1775లో రాశాడు. పని వల్ల క్యాన్సరు వస్తుందని మొదట చెప్పిన మాటల్లో అదొకటి. అయినా పిల్లల్ని ఎక్కించడం పూర్తిగా ఆగడానికి 1875 చట్టం దాకా నూరేళ్ళు పట్టింది. మసి ఒంటికి అంటుకుని ఉండకూడదు. దులిపినవాళ్ళు అదేరోజు సబ్బుతో స్నానం చేయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మనదగ్గర ఇదే పనిగా చేసేవాళ్ళు ఉండరు. ఇటుక గొట్టమైతే బేల్దారి మేస్త్రీని, రేకు గొట్టమైతే దాన్ని చేసిన వెల్డింగు షాపునే పిలవాలి. ఇద్దరు రావాలి, ఒకరు పైన, ఒకరు కింద. ఒక్కడే వస్తానంటే ఒప్పుకోకండి. కూలి ఊరినిబట్టి, గొట్టం ఎత్తునుబట్టి మారుతుంది కాబట్టి అంకె చెప్పను. ఒప్పుకునేముందు అడగాల్సినవి మాత్రం చెబుతాను: బ్రష్షు ఎవరిది, మసి ఎవరు ఎత్తుకుపోతారు, దులిపాక అద్దంపెట్టి చూపిస్తారా. ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనరు అడుగుతారు, ఇవ్వొద్దు, సన్న మసి దాని వెనకనుంచి ఇల్లంతా చిమ్ముతుంది. మసిని తడిపి గోతంలోకెత్తి గుంతలో పూడ్చమనండి. పశువుల గాట్లో, బావి దగ్గర పడేయనివ్వకండి. అద్దంలో చూశాకే డబ్బులివ్వండి.